డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి: విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

1996లో మా అమ్మను చెన్నై అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లాను. తెల్లవారుజామున విశాఖ స్టేషన్లో కోరమాండల్ ఎక్కితే సాయంత్రానికి దిగాం. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో ఫైలు తయారుచేసి చేతికిచ్చి, పిలిచేదాకా కూర్చోమన్నారు. అమ్మ ఆ ఫైలును ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, చుట్టూ ఉన్న జనాన్ని చాలాసేపు చూసింది. "ఇంతమందికి వైద్యం చేస్తన్నారు. ఈ ఆస్పత్రి ఎవులు కట్టేరే?" అని అడిగింది. నాకు తెలీదు. ఆ ప్రశ్న అలా మిగిలిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి చదివి, వెతికి జవాబు తెలుసుకున్నాను. ఇప్పుడు ప్రతి జూలైలో విశాఖలో నర్సింగ్ పిల్లలకీ, మహిళా సంఘాలకీ ఆ ఆస్పత్రి కట్టిన ముత్తులక్ష్మి రెడ్డి గారి గురించి చెబుతున్నాను. అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలను ఇలా ఒకచోట రాశాను.

అసలు ముత్తులక్ష్మి రెడ్డి ఎవరు?

డాక్టరు. బ్రిటిష్ ఇండియాలో శాసన మండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ. దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం పోరాడిన మనిషి. దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై హోమ్, పేద రోగుల కోసం అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1886 జూలై 30న పుట్టారు, 1968 జూలై 22న కన్నుమూశారు. ఇంకో ఎనిమిది రోజులుంటే 82 నిండేవి.

ఈ వరుస చూస్తే నాలుగు వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం అన్నీ ఒక్క పనిగానే తోస్తాయి. తన ఇంట్లో, తన వాళ్లకు తగిలిన ప్రతి దెబ్బా ఇంకో ఇంట్లో తగలకూడదని ఆమె ఏదో ఒకటి కట్టుకుంటూ పోయారు. కింద జవాబులన్నిటికీ ఇదే మూలం.

రెడ్డి అంటున్నారు, మన తెలుగావిడేనా?

ఎక్కడ మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఆమె పుట్టింది తమిళ ప్రాంతంలో, పుదుక్కోట్టై సంస్థానంలో. రెడ్డి అనేది భర్త డాక్టర్ సుందర రెడ్డి గారి పేరు నుంచి వచ్చింది. అయితే ఆమె పనిచేసిన రోజుల్లో మనం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. ఆమె కూర్చున్న శాసన మండలే విశాఖపట్నం జిల్లాకూ చట్టాలు చేసేది. ఆమె తెచ్చిన మార్పులు గంజాం నుంచి తిరునెల్వేలి దాకా వర్తించాయి. కాబట్టి ఆమె ఏ ఊరివారైనా ఆమె చేసిన మేలు మన ఊరికీ అందింది.

ఆమె తల్లిదండ్రులెవరు?

తండ్రి నారాయణస్వామి అయ్యర్, చదువుకున్న బ్రాహ్మణుడు, పుదుక్కోట్టై మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్, దేవదాసీల కుటుంబంలో పుట్టినామె. ఆ రోజుల్లో ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు రెండు వైపులా పూర్తి చోటు ఉండేది కాదు. తండ్రి బంధువులకు ఆ పిల్ల తమది కాదు. తల్లి వైపు ఆడవాళ్ల బతుకు ఎలా ఉంటుందో పిల్ల కళ్లారా చూస్తూ పెరిగింది.

తండ్రి కూతుర్ని చదివించారు. ఈడొచ్చాక బడికి పంపడం మాన్పించినా ఇంట్లో చదువు ఆగలేదు. మెట్రిక్ పాసయ్యాక మహారాజా కాలేజీలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటే పెద్ద గొడవే అయింది. మగపిల్లల కాలేజీలో ఆడపిల్లా అని కొందరు అడ్డం తిరిగారు. చివరికి మహారాజు మార్తాండ భైరవ తొండైమాన్ అనుమతి ఇచ్చారు. ఆ కాలేజీలో చేరిన తొలి అమ్మాయి ఆమే.

మన దేశంలో మొదటి లేడీ డాక్టర్ ఈవిడేనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఆమె పుట్టిన 1886లోనే ఆనందీబాయి జోషీ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా అందుకున్నారు. అదే ఏడాది కలకత్తాలో కాదంబినీ గంగూలీ డాక్టరయ్యారు. మద్రాస్ మెడికల్ కాలేజీ 1875లోనే నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. వాళ్లలో ఒకరైన మేరీ షార్లీబ్ తర్వాత మద్రాసులో ఘోషా ఆస్పత్రి స్థాపనకు పూనుకున్నారు. ఘోషా అంటే పరదా. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా వీల్లేని ఆడవాళ్ల కోసం పుట్టిన ఆస్పత్రులివి. మన వన్ టౌన్‌లోని విక్టోరియా ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ ఘోషాస్పత్రి అనే అంటారు కదా, ఆ పేరు వెనక కథ కూడా ఇదే.

ఇక్కడ ఒక విశాఖ ఆడపడుచు పేరు చెప్పకుండా ముందుకు పోలేను. ఆనీ వార్డ్‌లా జగన్నాథం. 1864లో విశాఖపట్నంలో పుట్టారు, పులిపాక జగన్నాథం గారనే క్రైస్తవ మతబోధకుడి కూతురు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, ఎడిన్‌బరో వెళ్లి వైద్య పరీక్షలు పాసయ్యారు. బ్రిటన్‌లో వైద్య అర్హత సంపాదించిన తొలి భారతీయ మహిళగా ఆమెను చెబుతారు. తిరిగొచ్చి బొంబాయి కామా ఆస్పత్రిలో పనిచేస్తుండగా క్షయ సోకింది. 1894లో, ముప్పై ఏళ్ల వయసులో పోయారు. మన పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా తగల్లేదు. ముత్తులక్ష్మి గారి గురించి చెప్పడానికి వెళ్లిన ప్రతిచోటా ముందు ఆనీ గారి పేరు చెప్పి, ఆ తర్వాతే మొదలుపెడతాను.

మరి మెడికల్ కాలేజీలో ముత్తులక్ష్మి గారి ప్రత్యేకత ఏమిటి?

1907లో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరి 1912లో పట్టా తీసుకున్నారు. బహుమతులు, పతకాలు వచ్చాయి. సర్జరీలో మంచి మార్కులు తెచ్చుకున్నారు. ఆడవాళ్లు కాన్పులు చేస్తే చాలు, కత్తి పట్టడం మగవాళ్ల పని అనుకునే కాలం అది. తర్వాత ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా చేరారు. ఆ ఉద్యోగంలో చేరిన తొలి మహిళ ఆమే. కళ్లు సరిగా కనపడక, ఒంట్లో బలం చాలక చదువుకునే రోజుల్లో బాగా ఇబ్బంది పడ్డారు. అయినా చదువు వదల్లేదు.

పెళ్లి చేసుకోనన్నారట, నిజమేనా?

పెళ్లి మీద ఆమెకు ఇష్టం లేకపోవడం నిజమే. పెళ్లయితే చదివిన చదువు వంటింట్లో కలిసిపోతుందని భయం. సుందర రెడ్డి గారు కూడా డాక్టరే, సర్జన్. ఆయన అడిగినప్పుడు ఈమె ఒక షరతు పెట్టారు: నన్ను సమానంగా చూడాలి, నా అభీష్టానికి అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నాకే 1914లో పెళ్లి జరిగింది. ఇద్దరు కొడుకులు. చిన్నబ్బాయి కృష్ణమూర్తి తర్వాత కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ని తన భుజాల మీద వేసుకున్నారు.

డాక్టరు రాజకీయాల్లోకి ఎందుకొచ్చారు?

ఆమె తనంతట తాను వెళ్లలేదు, పంపించారు. 1925లో ప్రభుత్వ సాయంతో పై చదువుకు ఇంగ్లండ్ వెళ్లారు. ఆ సాయం అందేలా చూసింది పానగల్ రాజా గారు, అంటే మన కాళహస్తి వైపు తెలుగాయన పానగంటి రామారాయణింగారు. 1923లో మన విశాఖ మెడికల్ కాలేజీ మొదలైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి ఆయనే. ముత్తులక్ష్మి గారు లండన్‌లో స్త్రీల, పిల్లల జబ్బుల మీద శిక్షణ తీసుకుంటూనే 1926లో పారిస్‌లో అంతర్జాతీయ మహిళా సభకు వెళ్లి మాట్లాడారు.

ఇక్కడికి తిరిగొచ్చాక అడయార్‌లోని విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ వాళ్లు ఆమెను శాసన మండలికి పంపాలని పట్టుబట్టారు. ప్రాక్టీసు పాడవుతుందని ఆమె మొదట సందేహించారు. నామినేట్ అయ్యాక సభ్యులంతా కలిసి ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మగవాళ్లతో నిండిన సభలో ఆ కుర్చీలో ఒక స్త్రీ కూర్చోవడం మనవాళ్లకు కొత్త.

ఉన్నది నాలుగేళ్లలోపే. ఆ కాస్త కాలంలో పిల్లలకు ప్రత్యేక ఆస్పత్రి కావాలన్నారు, బడి పిల్లలకు వైద్య పరీక్షలు చేయించాలన్నారు, వ్యభిచార గృహాల మీద చట్టం కావాలన్నారు, ఆడపిల్ల పెళ్లి వయసు పెంచాలన్నారు. విద్య మీద వేసిన హార్టాగ్ కమిటీలో సభ్యురాలు. 1930లో గాంధీజీని అరెస్టు చేసినప్పుడు నిరసనగా సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశారు.

దేవదాసీ చట్టం గురించి వివరంగా చెప్పండి.

చిన్నపిల్లను గుడికి సమర్పించి, ఆమెకు పెళ్లి అనేది లేకుండా చేయడం ఆచారంగా సాగేది. మన వైపు సింహాచలం, శ్రీకూర్మం శాసనాల్లోనే సానుల ప్రస్తావన ఉంది. ఒకప్పుడు వాళ్లకు గుడిలో గౌరవం, భూములు, చదువు, సంగీతం అన్నీ ఉండేవి. కాలం గడిచేకొద్దీ గౌరవం పోయింది, కట్టుబాటు మిగిలింది. మన ఉత్తరాంధ్ర, గోదావరి ఊళ్లలో పెళ్లిళ్లకు భోగం మేళం పెట్టించుకోవడం పెద్దింటి దర్జాగా చలామణి అయ్యేది. మేళానికి వచ్చిన ఆడమనిషిని మనిషిగా చూసినవాళ్లు తక్కువ. దీని మీద మన కందుకూరి వీరేశలింగం గారు ముందే గొంతెత్తారు. కళావంతుల కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మ గారు మద్రాసులో ఇలాంటి ఆడపిల్లలకు శరణాలయం నడిపారు. చిన్నతనంలోనే దుర్గాబాయమ్మ (దుర్గాబాయ్ దేశ్‌ముఖ్) కాకినాడలో దేవదాసీలను గాంధీజీ ముందుకు తీసుకొచ్చారు.

ముత్తులక్ష్మి గారు ఈ పనిని చట్టం రూపంలోకి తెచ్చారు. 1927లో శాసన మండలిలో తీర్మానం పెట్టారు. 1929లో హిందూ ధర్మాదాయ చట్టానికి ఒక సవరణ తెచ్చారు. నా దృష్టిలో ఇందులోనే ఆమె తెలివి ఉంది. దేవదాసీలకు ఉన్న ఇనాం భూములు గుడి సేవకు ముడిపెట్టి ఉండేవి. సేవ మానేస్తే భూమి పోతుంది. భూమి పోతుందన్న భయంతోనే తల్లి తన కూతుర్ని మళ్లీ గుడికి ఇచ్చేది. సవరణ వచ్చాక సేవ చేయకపోయినా భూమి వాళ్లదే. ముందు కడుపుకు భరోసా ఇచ్చి, ఆ తర్వాత ఆచారాన్ని మానమన్నారు. 1930లో సమర్పణనే నిషేధించే బిల్లు పెట్టారు. తర్వాత రాజీనామా చేసి వచ్చేశారు. ఆ బిల్లు ఎన్నో ఏళ్లు నానింది. చివరికి 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. సమర్పణ నేరమైంది, అలా సమర్పించిన స్త్రీ చేసుకునే పెళ్లికి చట్టం గుర్తింపు ఇచ్చింది.

సభలోనూ బయటా వ్యతిరేకించినవాళ్లలో చిన్నవాళ్లు లేరు. కాంగ్రెస్ నాయకుడు ఎస్. సత్యమూర్తి లాంటి దిగ్గజాలు ఎదురు నిలిచారు.

ఆ చట్టం వల్ల కళాకారిణుల నోటి కూడు పోయిందంటారు. మీరేమంటారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను గౌరవిస్తాను. బెంగళూరు నాగరత్నమ్మ గారు ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తిరువయ్యారులో త్యాగయ్య గారి సమాధికి గుడి కట్టించిన మహా గాయని ఆవిడ. మా అందరినీ ఒకే గాటన కట్టి, నీతిలేనివాళ్లని ముద్ర వేస్తున్నారని ఆవిడ బాధ. ఆ బాధలో నిజం ఉంది. కోస్తాలో ఎన్నో కళావంతుల కుటుంబాలు ఆదాయం పోయి, పేరు దాచుకుని బతకాల్సి వచ్చింది. వాళ్ల ఆట, పాట, జావళి వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లి మర్యాద తెచ్చుకున్నాయి. వాటిని కాపాడిన ఆడవాళ్లకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు.

అయినా నేను ముత్తులక్ష్మి గారి వైపే నిలబడతాను. ఏడెనిమిదేళ్ల పిల్లకు తన బతుకు ఎటు పోవాలో చెప్పుకునే అవకాశం లేనప్పుడు, ఆ పిల్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆ మాట బయటివాళ్లు అంటే ఒకలా ఉంటుంది. ఇక్కడ ఆ మాట అన్నది చంద్రమ్మాళ్ కూతురే. చట్టం వచ్చాక ఆ కుటుంబాలకు ఇవ్వాల్సిన ఆసరా మాత్రం ప్రభుత్వాలు ఇవ్వలేదు.

అవ్వై హోమ్ ఎలా మొదలైంది?

దేవదాసీ కుటుంబాల నుంచి పారిపోయి వచ్చిన ముగ్గురు అమ్మాయిలు ఆమె తలుపు తట్టారు. చదువుకుంటామన్నారు. ఆమె నగరంలోని హాస్టళ్లలో అడిగి చూశారు. వీళ్ల పుట్టుక తెలిసి ఎవరూ చేర్చుకోలేదు. దాంతో సొంత ఇంట్లోనే పెట్టుకున్నారు. 1930-31 ప్రాంతంలో అది అవ్వై హోమ్ అయింది. తమిళుల ప్రాచీన కవయిత్రి అవ్వైయార్ పేరు పెట్టారు. తర్వాత అడయార్‌కి మారి బడి, ట్రైనింగ్ స్కూలుగా పెరిగింది. కులం, పుట్టుక అడగకుండా చేర్చుకునేవారు. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, దుర్గాబాయమ్మ ఆంధ్ర మహిళా సభ కూడా అదే మద్రాసులో, కొద్ది ఏళ్ల తేడాతో మొదలైంది.

కేన్సర్ ఆస్పత్రి ఆలోచన ఎక్కడ పుట్టింది?

చెల్లెలి మరణంలో. సుందరాంబాళ్‌కి మలంలో రక్తం పడుతుంటే జిగట విరేచనాలని మందులు ఇచ్చారట. అసలు జబ్బు పెద్దపేగు చివర కేన్సర్. తెలిసేసరికి చేయి దాటిపోయింది. అక్క డాక్టరై ఉండి, ఇంట్లోనే ఉన్న చెల్లెల్ని కాపాడుకోలేకపోయింది.

ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. మా అమ్మదీ అదే జబ్బు. తొమ్మిది నెలల పాటు పైల్స్ అనే అనుకున్నాం. మా వీధి చివర మందుల షాపులో ఇచ్చిన బిళ్లలు వాడింది, కారం మానేసింది, పెరుగన్నం తింది. ఒక డాక్టరు దగ్గరికి వెళితే చెయ్యి పెట్టి పరీక్ష చేయకుండానే చీటీ రాసిచ్చారు. అమ్మ కూడా సిగ్గుపడి సరిగా చెప్పుకోలేదు. 1920లలో మద్రాసులో జరిగిందే 1990లలో మా ఇంట్లో జరిగింది.

ఇంగ్లండ్‌లో ఉండగా లండన్ కేన్సర్ ఆస్పత్రి చూసినప్పుడే మనకూ ఇలాంటిది ఉండాలని ఆమె అనుకున్నారు. 1935లో మద్రాస్ మెడికల్ కాలేజీ శతవార్షికోత్సవంలో ఆ మాట బయటపెట్టారు. ప్రభుత్వం పట్టించుకోలేదు. కేన్సర్ వస్తే ఎలాగూ చనిపోతారు కదా, దానికి ఆస్పత్రి ఎందుకన్నది అప్పటి పెద్దల ధోరణి. దాంతో ఆమె జనం దగ్గరికే వెళ్లారు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున నిధి పెట్టి, అణా అణా కూడబెట్టారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. 1952 అక్టోబరులో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆస్పత్రి మొదలైంది. పన్నెండు మంచాల చిన్న కట్టడం, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే సిబ్బంది. దక్షిణ భారతంలో కేన్సర్ కోసమే పెట్టిన తొలి ఆస్పత్రి అది. 1950లు ముగియకముందే అక్కడికి కోబాల్ట్ రేడియేషన్ యంత్రం వచ్చింది.

ఆమె తర్వాత ఎవరు నడిపారు?

కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి, ఆయనతో పాటు డాక్టర్ వి. శాంత. శాంత గారు 1955లో చేరి, 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆస్పత్రి ఆవరణే ఇల్లుగా బతికారు. 2005లో మెగసెసే అవార్డు, 2016లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఈవిడకూ మన ఊరికీ ఒక చుట్టరికం ఉంది. సర్ సి.వి. రామన్ గారు ఈమెకు తాత వరస. రామన్ గారి తండ్రి మన ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. రామన్ గారు చిన్నప్పుడు మన సెయింట్ అలోషియస్ బడిలోనే చదివారు. ఈ మాట చెప్పినప్పుడల్లా వన్ టౌన్ పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

ఆమెకు వచ్చిన బిరుదులు?

1956లో పద్మభూషణ్. తమిళనాడు ప్రభుత్వం ఆమె పుట్టినరోజు జూలై 30ని ఆస్పత్రి దినంగా జరుపుతోంది.

మా ఇంట్లో ఒకరికి అనుమానంగా ఉంది. అడయార్ వెళ్లాల్సిందేనా?

మేం వెళ్లినప్పుడు మా ఎదుట పెద్దగా దారులు లేవు. ఇప్పుడు పరిస్థితి వేరు. అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆస్పత్రిలో) రేడియోథెరపీ విభాగం ఉంది. ముందు ఇక్కడే చూపించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, పాత రిపోర్టులు, బయాప్సీ కాగితాలు అన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి. ఒక్క కాగితం తక్కువైనా రోజంతా వృథా అవుతుంది.

ఇంకో మాట. మలంలో రక్తం, తగ్గని పుండు, రొమ్ములో గడ్డ, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, మింగడంలో ఇబ్బంది, వీటిలో ఏది రెండు మూడు వారాలు దాటినా డాక్టరుకు చూపించండి. పైల్స్ అని మీకు మీరే తేల్చుకోకండి. చెయ్యి పెట్టి పరీక్ష చేయమని మీరే అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు. టెన్షన్ పడి ఇంట్లో కూర్చుంటే గడ్డ ఆగదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలుంటే గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే టీకా గురించి డాక్టరునడగండి.

మీ అమ్మగారు తర్వాత ఎలా ఉన్నారు?

ఆపరేషన్ అయింది. మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టారు. మొదటి వారం అమ్మ దానివైపు చూడనే లేదు, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేది. ఒక నర్సమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, అమ్మ చేతినే తన చేతిలోకి తీసుకుని, గోరువెచ్చని నీళ్లతో కడగడం, మెత్తని గుడ్డతో అద్దడం, అంచు ఒంటికి అతుక్కునేదాకా అరచేతితో నొక్కి పట్టుకోవడం నేర్పింది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు అరవం రాదు. పదో రోజున అమ్మ తనంతట తానే మార్చుకుంది. "చూసేవా, వొచ్చేసింది" అంది నాతో.

ఇంకో పదకొండేళ్లు బతికింది. నా కూతురు బారసాల చూసింది. ప్రతి ఏడాది చెకప్‌కి వెళ్లేముందు రాత్రి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దేది, ఒక గిన్నె ఎక్కువే, ఆ నర్సమ్మ కోసం. ఆస్పత్రి ఎవరు కట్టారో చదివి తెలుసుకున్నాక మొదట చెప్పింది అమ్మకే. చెల్లెలు పోయిందన్న దగ్గర నన్ను ఆపి, "ఆ పిల్ల పేరేటి?" అని అడిగింది. సుందరాంబాళ్ అని చెప్పాను. అమ్మ ఆ పేరు రెండుసార్లు తనలో తాను అనుకుని, దీపం పెట్టడానికి లేచింది.